బారెడు దూరంలో: వీధి ఫోటోల కోసం మనుషుల దగ్గరికి వెళ్లడం ఎలా

ముందు ఒక చిన్న లెక్క చేయండి. ఇప్పటిదాకా వీధుల్లో మీరు తీసిన ఫోటోల్లోంచి వరసగా ఓ యాభై తీసుకుని, ఎన్నింటిలో మనిషి ముఖం సరిగ్గా కనిపిస్తోందో చూడండి. బాగున్నవి ఏరుకోవద్దు, వరసగానే తీసుకోండి. నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు యాభైలో ముప్పై ఆరు వీపులు తేలాయి. వీపులు, గొడుగులు, దూరంగా వెళ్లిపోతున్న సైకిళ్లు. మిగిలిన పద్నాలుగులో చాలావరకు రోడ్డు అవతలి నుంచి పెద్ద జూమ్ లెన్స్‌తో లాగినవి. వాటిలో ముఖాలున్నాయి గానీ, సీసీ కెమెరాకు చిక్కిన ముఖాల్లా ఉన్నాయి.

ఆ జూమ్ లెన్స్ రోజుల్లోనే ఒకసారి దొరికిపోయాను. రోడ్డు అవతల బెంచీ మీద ఒకాయన పేపర్ చదువుకుంటున్నారు. ఎండ పేపర్ మీద పడి, ఆ వెలుగు కింది నుంచి ఆయన ముఖానికి కొడుతోంది. నేను ఆగి ఉన్న వ్యాన్ చాటున నిలబడి నాలుగు క్లిక్కులు కొట్టాను. ఆయన పేపర్ మడిచి చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి నేరుగా నా దగ్గరికి వచ్చారు. తిట్టలేదు. "దాక్కుని ఎందుకు తీశావు? దగ్గరికొచ్చి తీసుంటే నేను పట్టించుకునేవాణ్ని కూడా కాదు" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయన ముందే నాలుగూ డిలీట్ చేశాను.

ఎదుటివాళ్లకు కోపం వస్తుందేమోనని దగ్గరికి వెళ్లట్లేదని మనకు మనం చెప్పుకుంటాం. నా సంగతి చూసుకుంటే, నన్ను ఆపింది కనబడిపోతానన్న బెరుకు. కనబడకూడదని చాటుకు పోయినకొద్దీ అనుమానంగా కనిపిస్తాం, కనిపించినకొద్దీ బెరుకు పెరుగుతుంది. కాబట్టి కింద చెప్పేవన్నీ ఒక రకంగా వీధిలో కనబడటం అలవాటు చేసుకునే పనులే.

1. దగ్గర అంటే ఎంతో ముందు కొలుచుకోండి

"ఇంకా దగ్గరికి వెళ్లు" అని అందరూ అంటారు. యుద్ధాల్లో ఫోటోలు తీసిన రాబర్ట్ కాపా మాట ఒకటి ఫోటోలు నేర్చుకునే ప్రతివాళ్ల చెవినా పడుతుంది: ఫోటో బాగా రాలేదంటే నువ్వు సరిపడా దగ్గరగా లేవని. బాగానే ఉంది. ఎన్ని అడుగులో మాత్రం ఎవరూ చెప్పరు.

లెక్క కష్టమేమీ కాదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను (సెన్సర్ పాత ఫిల్మ్ ముక్కంత ఉండేది) అడ్డంగా పట్టుకుని, 1.7 మీటర్ల మనిషిని తల నుంచి కాళ్ల దాకా ఫ్రేమ్ నిండా పట్టాలంటే 28 ఎంఎం లెన్స్‌తో దాదాపు 2 మీటర్ల దూరంలో ఉండాలి (ఎంఎం అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లో ఎక్కువ వెడల్పు పడుతుంది). 35 ఎంఎం అయితే రెండున్నర మీటర్లు, 50 ఎంఎం అయితే మూడున్నర. 200 ఎంఎం అయితే 14 మీటర్లు, అంటే రోడ్డుకు అవతల, వ్యాన్ చాటున. నడుము పైభాగం చాలనుకుంటే ఈ దూరాలన్నీ సగానికి సగం తగ్గుతాయి.

మీటర్లు కంటికి ఆనవు. బార, మూర, జాన అలా కాదు, మన ఒంటి మీదే ఉంటాయి. రెండు చేతులూ బార్లా చాపితే బార, ఇంచుమించు మన ఎత్తు ఎంతో అంత. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర, 45 సెంటీమీటర్లు అటూ ఇటూ. 28 ఎంఎంతో నిలువెత్తు మనిషి కావాలంటే బార మీద జానెడు. 35 ఎంఎంతో నడుము పైభాగం కావాలంటే మూడు మూరల లోపే. ఇంట్లో గోడ ముందు నిలబడి ఈ దూరాలు ఒకసారి కొలిచి చూడండి. అనుకున్నదానికంటే దగ్గరగా ఉన్నాయే అనిపిస్తుంది. మొదట్లో అందరికీ అంతే.

అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1960ల్లో మనుషులు ఒకరికొకరు ఎంతెంత ఎడంగా నిలబడతారో గమనించి లెక్కలు కట్టారు. 45 సెంటీమీటర్ల లోపు బాగా కావలసినవాళ్లకు, అక్కడి నుంచి 1.2 మీటర్ల దాకా స్నేహితులకు, 1.2 నుంచి 3.6 మీటర్ల దాకా పరిచయం లేనివాళ్లతో మామూలు వ్యవహారాలకు. ఆయన చూసింది ప్రధానంగా అమెరికన్లను. సంస్కృతిని బట్టి ఈ దూరాలు మారతాయని ఆయనే చెప్పారు. నాకు ఇందులో పనికొచ్చిన సంగతి ఒకటుంది. వీధి ఫోటోకు కావలసిన బారెడు దూరం, మనం దారి అడిగేటప్పుడు నిలబడే దూరం దాదాపు ఒకటే. దారి అడిగితే ఎవరూ ఉలిక్కిపడరు. మూరెడు దూరంలోకి చొరబడమని మిమ్మల్ని ఎవరూ అడగట్లేదు.

2. ఒక నెల ఒకే లెన్స్

జూమ్ లెన్స్ ఇంట్లో పెట్టేయండి. 28 లేదా 35 ఎంఎం, ఏదో ఒకటి. ఏపీఎస్-సి అనే చిన్న సెన్సర్ కెమెరా అయితే 18 లేదా 23 ఎంఎం దానికి సరిపోతుంది. ఫోన్ అయితే మెయిన్ కెమెరా చాలు, అది సాధారణంగా 24 నుంచి 26 ఎంఎంకు సమానంగా ఉంటుంది. స్క్రీన్ మీద వేళ్లతో సాగదీయడం మాత్రం మానేయాలి. సాగదీస్తే చాలాసార్లు ఫోన్ చేసేది క్రాప్ చేయడమే, అంటే అంచులు కత్తిరించడమే, అది ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు.

దూరం నుంచి జూమ్‌తో తీసినా మనిషి సైజు అంతే కదా, తేడా ఏంటి అని అడిగేవాళ్లున్నారు. తేడా చుట్టుపక్కల ఉంటుంది. బారెడు దూరం నుంచి తీస్తే మనిషి పెద్దగా, వెనక వీధి చిన్నగా, లోతుగా కనిపిస్తుంది. చూసేవాళ్లకు తామే అక్కడ నిలబడ్డట్టు అనిపిస్తుంది. 14 మీటర్ల నుంచి తీస్తే వెనక ఉన్నదంతా ముందుకొచ్చి మనిషికి అతుక్కుంటుంది. ఈ తేడా తెచ్చేది మీరు నిలబడ్డ చోటు.

ఫలానా లెన్సే గొప్పదని కాదు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెస్సాన్ తన పనిలో ఎక్కువ భాగం 50 ఎంఎంతోనే చేశారు. న్యూయార్క్ వీధుల్లో తిరిగిన గ్యారీ వినోగ్రాండ్‌కు 28 ఎంఎం ఇష్టం. ఒకే లెన్స్ వాడితే ఎక్కడ నిలబడితే ఎంత పడుతుందో కెమెరా ఎత్తకుండానే తెలిసిపోతుంది, నాకు అది రావడానికి మూడు వారాలు పట్టింది.

ఒక జాగ్రత్త. 28 కంటే వెడల్పు లెన్స్‌లో ఫ్రేమ్ అంచున పడ్డ ముఖాలు సాగిపోతాయి. పాపం, అంచున పడ్డ మనిషికి బుగ్గ ఒకవైపు లాగినట్టు అవుతుంది. ముఖాన్ని మధ్య భాగంలోనే ఉంచండి.

3. కెమెరాను వీధిలోకి దిగకముందే సిద్ధం చేయండి

దగ్గరికి వెళ్లి అక్కడ మీటలు తిప్పుకుంటూ నిలబడటం కంటే ఇబ్బంది ఇంకోటి లేదు. మనిషి మామూలు నడక సెకనుకు 1.3, 1.4 మీటర్లు. మీరు నిలబడి ఉంటే, 5 మీటర్ల దూరంలో ఉన్న మనిషి 2 మీటర్ల దగ్గరికి రావడానికి రెండు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. మీరు కూడా ఎదురు నడుస్తుంటే ఒక్క సెకను. ఆ సెకనులో ఫోకస్ వెతుక్కుంటే వీపే మిగులుతుంది.

అందుకని పాతకాలపు పద్ధతి ఒకటి నేర్చుకోండి, జోన్ ఫోకస్ అంటారు. ఫోకస్‌ను 2 మీటర్ల దగ్గర మాన్యువల్‌గా ఆపేసి, ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర పెట్టండి. ఫుల్ ఫ్రేమ్ మీద 28 ఎంఎం అయితే సుమారు 1.25 నుంచి 5 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. 35 ఎంఎం అయితే 1.4 నుంచి 3.2 మీటర్ల దాకా. ఇక కెమెరా వెతుక్కునేది ఏమీ లేదు. మీరు సరైన దూరంలో ఉంటే చాలు. షట్టర్ వేగం 1/500 సెకను దగ్గర, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) ఆటోలో. నీడలో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తే రానివ్వండి. వణికిన ఫోటో కంటే గ్రెయిన్ ఉన్న ఫోటో నయం. కొత్త కెమెరాల్లో ముఖాన్ని పట్టుకునే ఆటోఫోకస్ బాగానే పనిచేస్తుంది, అది వాడినా నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే జోన్ ఫోకస్ దూరాన్ని ఒంటికి నేర్పుతుంది, ఆటోఫోకస్ నేర్పదు.

ఫోన్ వాడేవాళ్లు లాక్ తీయకుండా కెమెరా తెరిచే షార్ట్‌కట్ పెట్టుకోండి, క్లిక్‌కు వాల్యూమ్ బటన్ వాడండి. ఫోకస్ బీప్, ముందు వెలిగే ఎర్ర లైటు, ఫ్లాష్, అన్నీ ఆపేయండి. ఇది దాక్కోవడానికి కాదు, ఎదుటి మనిషి అదిరిపడకుండా.

4. మొదటి రోజు ఫోటో తీయకండి

కెమెరా మెడలో, పైకి కనబడేలా వేసుకుని బయల్దేరండి. సంచిలో పెట్టొద్దు, జాకెట్ కింద దాచొద్దు. ఒక గంటలో పదిమంది కొత్తవాళ్లతో బారెడు దూరంలో నిలబడి ఏదో ఒకటి మాట్లాడండి. టైమ్ ఎంతైంది, ఫలానా చోటికి దారి ఎటు, ఈ వరస దేనికోసం, ఏదైనా సరే. కెమెరాను మాత్రం ముట్టుకోకండి.

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. నేను కూడా నవ్వుకున్నాను, మూడో మనిషి దాకా. మూడో మనిషి నా మెడలో కెమెరా చూసి, "ఫోటో తీస్తారా?" అని తనే అడిగింది. ఆ రోజు తీయకూడదన్న నియమం పెట్టుకున్నాను కాబట్టి, ఇంకోసారి వస్తానని చెప్పి నడిచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఎక్కడో మంటగానే ఉంటుంది. మీకు అలాంటి అవకాశం వస్తే నియమాన్ని పక్కన పెట్టేయండి.

5. తేలిక చోట్లతో మొదలుపెట్టండి, అక్కడే ఉండిపోకండి

వీధి ప్రదర్శనలు, ఊరేగింపులు, ర్యాలీలు, పరుగుపందెం ముగిసే చోటు. ఇలాంటి చోట అందరి చేతుల్లో కెమెరాలుంటాయి, జనం మనల్ని పట్టించుకోరు, ఒత్తిడికి దూరాలన్నీ వాటంతట అవే తగ్గిపోతాయి. రెండు మూడు సార్లు వెళ్లి, బారెడు దూరంలో మనిషి ముఖం ఫ్రేమ్‌లో ఎంత పెద్దగా ఉంటుందో కళ్లకు అలవాటు చేసుకోండి. ప్రదర్శన ఇచ్చేవాళ్లను కాకుండా, చూస్తున్నవాళ్లను తీయండి. వాళ్ల కళ్లు వేరే చోట ఉంటాయి, ముఖాల్లో ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది.

అక్కడే స్థిరపడితే మాత్రం మీ ఫోటోలు అందరి ఫోటోల్లాగే ఉంటాయి. నెలలోపు మామూలు వీధికి వచ్చేయండి.

6. వెంటపడకండి, నిలబడండి

కొత్తవాళ్లకు నేను ముందు చెప్పే పని ఇదే, ఎందుకంటే దీనితో సగం టెన్షన్ తగ్గుతుంది. మంచి వెలుగు పడే మూల ఒకటి చూసుకోండి. మెట్ల దారి మొదలు, రెండు వీధులు కలిసే చోటు, బస్సు ఆగే స్థలం. వెనక గోడ ఎలా ఉందో, దాని మీద ఏం రాసుందో, నీడ ఎక్కడ తెగుతోందో ముందే చూసి ఫ్రేమ్ కట్టుకోండి. ఇక అక్కడ నిలబడండి. పది నిమిషాలు కాదు, నలభై.

మొదటి పది నిమిషాలు అందరూ మిమ్మల్ని చూస్తారు. పావుగంట దాటాక ఆ వీధికి మీరు కరెంటు స్తంభంతో సమానం. అప్పుడు జనమే మీ దగ్గరికి వస్తారు. ఒకడు ఫోన్ మాట్లాడుతూ సరిగ్గా మీ ముందు ఆగుతాడు, ఒకావిడ సంచి దించి చేయి మార్చుకుంటుంది. మీరు ఎవరి స్థలంలోకీ వెళ్లలేదు, వాళ్లే మీ బారెడు వృత్తంలోకి నడిచి వచ్చారు. ఒక్కటే నియమం: వాళ్లు దగ్గరికి వచ్చినప్పుడు వెనక్కి జరగకూడదు. కాలు దానంతట అదే వెనక్కి పడుతుంది, చూసుకోండి. నేను మొదట్లో వీపును స్తంభానికి ఆనించి నిలబడేవాణ్ని, వెనక్కి పోవడానికి చోటు లేకుండా.

గుంపుగా వెళ్లకండి. ఒకరు తోడుంటే పర్వాలేదు, కొన్ని చోట్ల అదే మంచిది కూడా. ఐదుగురు కెమెరాలతో ఒక మనిషి చుట్టూ మూగడం మాత్రం చూడటానికే అసహ్యంగా ఉంటుంది. ఫోటో వాక్‌ల పేరుతో ఇది బాగా ఎక్కువైంది.

7. క్లిక్ కొట్టే ఆ రెండు సెకన్లు

మనుషులు కెమెరాను గమనించరు, కదలికను గమనిస్తారు. చటుక్కున ఎత్తి, చటుక్కున తీసి, చటుక్కున దించితే ఆ చేసే తీరే దొంగతనంలా ఉంటుంది. అందుకని మనిషి ఇంకా నాలుగైదు మీటర్ల దూరంలో ఉండగానే కెమెరాను నెమ్మదిగా కంటికి ఆనించండి. మీరు ఆ గోడను తీస్తున్నట్టే ఉంటుంది, నిజానికి తీస్తున్నది కూడా ఆ గోడనే, మధ్యలోకి మనిషి వస్తున్నారంతే. రెండు మీటర్ల దగ్గర నొక్కండి. నొక్కాక కెమెరా దించకండి. మనిషి ఫ్రేమ్ దాటిపోయేదాకా అలాగే ఉంచండి. స్క్రీన్ చూసుకోవడం అప్పుడే వద్దు. తల దించి స్క్రీన్ చూసుకుంటే "నిన్ను తీశాను" అని చెప్పినట్టే, పైగా ఆ వెనకాలే రాబోయే ఇంకో మంచి ఫోటో పోతుంది.

కళ్లు కలిస్తే తప్పించకండి. తల ఊపండి, చిన్నగా నవ్వండి. ఇంతే. పదిమందిలో ఎనిమిదిమంది తిరిగి తల ఊపి వెళ్లిపోతారు. ఇది నా అనుభవంలో అంచనా.

కూర్చున్న మనిషి అయితే మీరూ గొంతుక్కూర్చోండి. నెత్తి మీద నిలబడి కిందికి గురిపెట్టిన కెమెరా ఎవరికైనా చిరాకే. పైగా కళ్లు సమానంగా ఉన్న ఫోటో వేరేగా ఉంటుంది.

నడుము దగ్గర కెమెరా పట్టుకుని చూడకుండా నొక్కే పద్ధతిని చాలామంది నేర్పుతారు. నేను వద్దంటాను. అది మళ్లీ వ్యాన్ చాటే. గొప్పవాళ్లు దాచి తీయలేదా అంటే, తీశారు. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ సబ్‌వేలో కోటు లోపల కెమెరా దాచి ప్రయాణికుల ముఖాలు తీశారు. హెలెన్ లెవిట్ ఎటో చూస్తున్నట్టు నిలబడి పక్కకు తీయగలిగే వ్యూఫైండర్ (ఫ్రేమ్ చూసుకునే అద్దం) వాడారు. వివియన్ మేయర్ వాడిన, పైనుంచి వంగి చూసే రోలీఫ్లెక్స్ కెమెరా పొట్ట దగ్గరే ఉండేది, అయితే దానిలోకి వంగి చూస్తూ ఫ్రేమ్ కట్టుకునే ఆమె తీసింది, గుడ్డిగా కాదు. ఆ ఫోటోలు గొప్పవే. కానీ దాచి తీస్తే మీ బెరుకు మీ దగ్గరే ఉంటుంది, మీరు ఇప్పుడు వదిలించుకోవాలనుకుంటున్నది దాన్నే. ఇక ముఖం మీదికి దూకి ఫ్లాష్ కొట్టే బ్రూస్ గిల్డెన్ లాంటివాళ్ల పద్ధతి, నాకైతే నచ్చదు. నేర్చుకునేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడితే దెబ్బలు తినే అవకాశమే ఎక్కువ.

8. అడిగి తీయడం

అడిగితే సహజత్వం పోతుందని ఒక మాట ఉంది. సగం నిజం. అడిగాక వచ్చే మొదటి ఫోటో ఎప్పుడూ పాస్‌పోర్ట్ ఫోటోయే. ఆ తర్వాత ఏం చేస్తారన్నదే అసలు పని.

ఒక గోడ పక్కన చిన్న బల్ల వేసుకుని గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. కంటికి నల్ల గొట్టంలాంటి భూతద్దం బిగించుకుని, ముక్కు బల్లకు ఆనేంత వంగి పనిచేసేవారు. మూడు సార్లు ఆ దారిన వెళ్లి మూడు సార్లూ బెరుకుతో దాటిపోయాను. నాలుగోసారి ఆగి, "ఏమండీ, మీ చేతులు, ఆ అద్దం చాలా బాగున్నాయి. ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగాను.

"నాదెందుకు బాబూ, ఎవరైనా కుర్రాళ్లది తీసుకో" అన్నారు. వద్దనలేదు, గమనించండి. "మీరు పని చేసుకుంటూ ఉండండి, నా వైపు చూడక్కర్లేదు" అన్నాను. ఆయన వెంటనే అద్దం తీసేసి, చొక్కా కాలర్ సర్దుకుని, నిటారుగా కూర్చుని కెమెరా వైపు చూశారు. ఆ ఫోటో తీశాను, తప్పకుండా తీయాలి, వాళ్లు ఇవ్వాలనుకున్న ఫోటో అది. స్క్రీన్ చూపించాను. నవ్వారు. తర్వాత కెమెరా దించి, "ఇంత చిన్న స్క్రూ జారిపోతే ఎలా వెతుకుతారు?" అని అడిగాను. "వెతకను. ఒళ్లో గుడ్డ ఎందుకు పరుచుకున్నాననుకున్నావు?" అంటూ మళ్లీ అద్దం బిగించి, గుడ్డ మడతలోంచి పట్టకారుతో ఒక స్క్రూ తీసి చూపించారు. అప్పుడు నేను మూడు మూరల దూరంలో గొంతుక్కూర్చుని ఉన్నాను. ఫ్రేమ్‌లో భూతద్దం, పట్టకారు కొస, దాని మీద ఆవగింజంత మెరుపు. నాకు కావలసిన ఫోటో అదే.

దీన్ని అలాగే పాటించవచ్చు. ఏం నచ్చిందో చెప్పి అడగండి: "మీ ఫోటో తీయొచ్చా" కంటే "మీ గొడుగు రంగు బాగుంది, ఒకటి తీసుకోనా" అన్నది సులువుగా ఒప్పించే మాట. మొదటి పోజు తీసి చూపించండి. తర్వాత వాళ్ల పని గురించి ఒక ప్రశ్న వేయండి, సమాధానం చెప్పేటప్పుడు తీయండి. రెండు మూడు నిమిషాలకు మించి పట్టుకోకండి. పంపిస్తానని మాటిస్తే పంపండి. ఆ పెద్దాయనకు ప్రింట్ తీసి ఇచ్చాను, రెండూ. ఆయన బల్ల వెనక గోడకు అంటించుకున్నది కాలర్ సర్దుకున్న ఫోటోనే.

9. వద్దన్నప్పుడు

చేయి అడ్డం పెట్టినా, తల తిప్పినా, ముఖం చిట్లించినా అది వద్దనే. కెమెరా దించి, "సరేనండి, పర్వాలేదు" అని కదలండి. బతిమాలొద్దు.

తీశాక అడిగితే నిజం చెప్పండి. "అవునండీ, మిమ్మల్నే తీశాను. వెనక నుంచి వెలుగు బాగా పడింది. చూస్తారా?" చాలాసార్లు కథ ఇక్కడితో అయిపోతుంది. తీసేయమంటే వాళ్ల ముందే తీసేయండి. నా హక్కు, చట్టం, కళ అంటూ వీధిలో వాదన పెట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లు గెలిచినా ఆ తర్వాత ఆ వీధిలో కెమెరా ఎత్తే మిగతావాళ్లకు గడ్డురోజులే. గొంతు పెరిగితే మీరు తగ్గించండి, జనం మూగకముందే బయటపడండి. భద్రత లేదనిపించిన చోట ఫోటో సంగతి మర్చిపోండి.

చట్టం దేశానికో రకంగా ఉంటుంది. అమెరికాలో బహిరంగ స్థలంలో కనిపించే మనిషిని ఫోటో తీయడానికి సాధారణంగా అనుమతి అక్కర్లేదు. జర్మనీలో కొన్ని మినహాయింపులు పోను, ప్రచురించాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. హంగరీలో 2014లో వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం, గుంపులు, ప్రముఖుల బహిరంగ కార్యక్రమాల లాంటివి మినహాయిస్తే, అసలు తీయడానికే అనుమతి కావాలి. మీరుండే చోట, వెళ్లే చోట ఏముందో ముందే తెలుసుకోండి. స్టేషన్లు, మాల్స్ జనంతో నిండి ఉన్నా వాటికి సొంత నియమాలుంటాయి.

చట్టం ఒప్పుకున్నా నేను తీయనివి కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లు పక్కన లేని పిల్లలు. నిద్రపోతున్నవాళ్లు, తాగి పడిపోయినవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, ఆసుపత్రి ముందు నిలబడ్డవాళ్లు. వాళ్లు వద్దనే స్థితిలో లేరు, అదే కారణం. రోడ్డు పక్కన బతికేవాళ్ల ఫోటోలకు మెచ్చుకోళ్లు సులువుగా వస్తాయి, కాబట్టి వాటిపై నాకు అనుమానం ఎక్కువ.

10. నెల రోజుల సాధన

వారానికి మూడు రోజులు, రోజుకు గంట చాలు. మొదటి వారం నాలుగు మీటర్ల దగ్గర, రెండో వారం మూడు, మూడో వారం రెండున్నర, నాలుగో వారం బారెడు. ఆ వారం దూరాన్ని దాటి ఉన్న ఫోటోలు ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. రోజుకు 36 క్లిక్కులే, పాత ఫిల్మ్ రోల్‌లో ఉన్నన్ని. పరిమితి ఉంటే అడ్డదిడ్డంగా నొక్కరు. రోజుకు కనీసం ఇద్దరిని అడిగి తీయండి, కనీసం ఒక్కరి చేత "వద్దు" అనిపించుకోండి. ఇది హాస్యానికి చెప్పట్లేదు. "వద్దు" అన్న మాట పదిసార్లు విన్నాక అది "టైమ్ తెలీదండి" లాంటి మాటే అని అర్థమవుతుంది.

చేతులు వణికే రోజులుంటాయి. నాకు ఇప్పటికీ మొదటి పావుగంట గుండె దడగానే ఉంటుంది. అలాంటప్పుడు మొదటి పది క్లిక్కులూ పారేయడానికే అనుకుని తలుపులు, చెప్పులు, ఏవో తీసేస్తాను.

ఫోటోలు ఆ రాత్రే ఎంచకండి. వారం ఆగి చూడండి. దగ్గరగా తీశానన్న సంబరం తగ్గాక, ముఖం పెద్దగా ఉన్నా ఏమీ లేని ఫోటోలు ఎన్నో బయటపడతాయి. ఆ ముఖంలో ఏదో జరుగుతుండాలి, లేదా చేతులైనా ఏదో చేస్తుండాలి. రెండూ లేకపోతే దగ్గరితనం వృథా.

నెలాఖరున మళ్లీ వరసగా యాభై తీసుకుని లెక్కపెట్టండి. నాకు రెండోసారి వీపులు పదకొండు వచ్చాయి. వాటిలో పది తీసేశాను. పదకొండోది వానలో తడుస్తూ తన కోటు విప్పి సైకిల్ సీటు మీద కప్పుతున్న మనిషిది, మూడు మూరల దూరం నుంచి తీసింది.